మంచు లేని వారం

అక్టోబర్ 6, ఆదివారం

అక్టోబర్ మొదటి ఆదివారం. భోజనాలయ్యాక నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. చలికాలంలో స్కీయింగ్‌కి ఎక్కడికి వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి అన్నది ఈ ఇంట్లో ఈ రోజే తేలుతుంది. ఎక్కడికి అన్నది ఆయన చెబుతారు. ఎప్పుడు అన్నది నేను చెబుతాను. పెళ్ళయిన కొత్తలో చేసుకున్న పంపకం ఇది. ఆయన చోటు పేరు చెప్పేసి కునుకు తీస్తారు. రైళ్ళు, గదులు, పిల్లల పరీక్షలు, ఆఫీసు సెలవులు అన్నీ సరిచూసి తేదీ కట్టడం నా వంతు. ముప్పై ఏళ్ళు రైళ్ళ టైంటేబుళ్ళు తయారుచేసే ఆఫీసులో పనిచేసిన మనిషి ఇంట్లో మాత్రం దేనికీ సమయానికి రారు. "ఇదిగో వచ్చేస్తున్నా" అంటే ముప్పావు గంట అని నా లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఈసారి ఎవరూ మాట మొదలుపెట్టలేదు. అమ్మాయి తీసిన కంచాలే మళ్ళీ తీసి సర్దింది. అల్లుడు నీళ్ళ గ్లాసులో ఏదో పడినట్టు అందులోకే చూస్తూ కూర్చున్నారు. చివరికి పిడుగే అడిగింది. తొమ్మిదేళ్ళ మనవరాలు. ఇంట్లో అందరం అమ్మలూ అనే పిలుస్తాం. పిడుగు అన్నది ఈ డైరీలో మాత్రమే. ఎదురుగా అంటే నెత్తికెక్కుతుంది.

"ఈసారి ఎక్కడికి వెళ్తున్నాం?"

"వెళ్తే కొత్త చోటికి వెళ్దాం," అంది అమ్మాయి, నా వైపు చూడకుండా.

"ఎక్కడికి అన్నది తేలిపోయిన సంగతి," అన్నాను. "మీ నాన్న పోయినసారి మన కొండే అన్నారు. ఆ తరవాత మార్చి చెప్పలేదు. మార్చే అధికారం నాకు లేదు. తేదీ మాత్రం నేను చూస్తాను."



పోయిన ఫిబ్రవరి 19న, లిఫ్టు ఆపేసే వేళకి, ఆయన హద్దు తాడు కింద నుంచి దూరి అవతలి గండిలోకి వెళ్ళారు. "చివరిది ఒక్కటి. ఇదిగో వచ్చేస్తున్నా," అన్నారు. ఆ వెంటనే అక్కడ మంచు జారింది. ఇంకా దిగి రాలేదు.

అక్టోబర్ 8

అలమారలో ఉన్న ఆయన పాత స్కీల జత మధ్యాహ్నం మళ్ళీ జారి తలుపుకు కొట్టుకుంది. ఆయన గుమ్మం దగ్గర బూట్లు దులిపితే అచ్చం అదే చప్పుడు. లేచి వెళ్ళాను. లేవనక్కర్లేదు.

అక్టోబర్ 11

ఏప్రిల్ రెండో వారం.

బాగా ఆలోచించే నిర్ణయించాను. ఫిబ్రవరిలో జనం తోసుకుంటారు. లిఫ్టు దగ్గర క్యూలో నిలబడటానికే సగం రోజు పోతుంది. మార్చిలో అమ్మాయి పనిచేసే మందుల షాపులో స్టాకు సరిచూసే రోజులు. ఏప్రిల్‌లో అయితే ఎండ హాయిగా ఉంటుంది. నా కీళ్ళకు మంచిది. గదులు చవక. పిల్లకు గట్టి మంచు కన్నా మెత్తటి మంచు మీద నేర్చుకోవడం సులువు. పడినా దెబ్బ తగలదు.

కారణాలు సరిపోయాయి. ఒక పనికి ఇన్ని కారణాలు చూపించిన ఏ ఆఫీసు కాగితాన్నీ నేను ఉద్యోగంలో ఉండగా ఊరికే వదిలిపెట్టలేదు. కానీ ఇది ఆఫీసు కాదు.

అక్టోబర్ 14

లాడ్జికి ఫోన్ చేశాను. నడిపే ఆవిడ నా గొంతు గుర్తుపట్టారు.

"ఏప్రిల్ రెండో వారం గదులు కావాలి," అన్నాను.

"ఏప్రిల్లోనా అండీ? అప్పటికి కింది వాలంతా గడ్డి తేలిపోతుంది. పిల్లల వాలు ఒక్కటైనా ఉంటుందో లేదో చెప్పలేం."

"తెలుసు."

"ఎంతమంది అండీ?"

"ఐదుగురం."

అనేశాక నా మాట నాకు వినిపించింది. ఆవిడకీ వినిపించింది. ఆ రోజు నా భుజాల మీద దుప్పటి కప్పి, కిటికీ దగ్గర నుంచి నన్ను లేవదీసింది ఆవిడే. సరిదిద్దుతారని ఎదురుచూశాను. "సరేనండీ, ఐదుగురు," అని మెల్లగా అన్నారు.

జీవితమంతా ఆడిటర్‌గా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టినదాన్ని. రేపు ఫోన్ చేసి సరిచేస్తాను.

అక్టోబర్ 15

పనులు ఎక్కువగా ఉన్నాయి.

అక్టోబర్ 16

లాడ్జికి లైను కలవలేదు.

అక్టోబర్ 17

నిన్న లైను కలవలేదని రాశాను. నేను ఫోన్ చేయలేదు. అబద్ధం రాస్తే కొట్టివేయకూడదు, పక్కన నిజం రాయాలి. రాశాను.

నవంబర్ 1

ఒకటో తారీఖు. కొండ కాపలా చూసే పెద్దాయనకు ఫోన్ చేశాను. ఊరికే, కుశలం కనుక్కోవడానికి. ఆయన కోసం గండి అంతా పొడవాటి కర్రలు గుచ్చి గుచ్చి వెతికించినది ఈ పెద్దాయనే. అది ఎండ తగలని చోటు. పోయిన వేసవి మొత్తం గడిచినా అడుగున మంచు కరగలేదు.

"ఎలా ఉన్నారు?" అన్నాను.

"మోకాలు ఒకటి మొరాయిస్తోందమ్మా. రెండోది దాన్ని చూసి నేర్చుకుంటోంది."

ఇద్దరం నవ్వాం. తరవాత పెద్దాయనే, "ఈ ఏడు ఇప్పటివరకూ తక్కువే పడిందమ్మా. ఇలాగే ఉంటే ఏప్రిల్ మధ్యకల్లా గండి అడుగు తేలొచ్చు. మాట మాత్రం ఇవ్వలేను," అన్నారు.

"నేను అది అడగలేదండీ."

"లేదమ్మా. నేనే చెబుతున్నా."

మర్యాదస్తుడు.

నవంబర్ 4

సాయంత్రం అల్లుడు రెండు కప్పుల టీతో నా గదికి వచ్చారు. ఒక కప్పుతో వస్తే మాట్లాడే పని లేనట్టు, రెండు కప్పులతో వస్తే ఉన్నట్టు. కూర్చుని, కుర్చీ కాలు సరిగ్గా ఉందా అని చూసి, టీ ఊదుకుని, అప్పుడు మొదలుపెట్టారు.

"అత్తయ్యగారూ, ఏప్రిల్లో అక్కడికి వెళ్తే స్కీలు భుజాన వేసుకుని బురదలో నడవాలండీ. పిల్ల స్కీయింగ్ కాదు, నాట్లు వేయడం నేర్చుకుని వస్తుంది."

"నాట్లు వేయడం పనికొచ్చే విద్యే," అన్నాను.

ఆయన నవ్వారు. మంచి మనిషి. నవ్వించాలని వచ్చి తానే నవ్వి వెళ్ళే రకం. కప్పు కింద పెట్టి, "లాడ్జి నుంచి మెయిల్ వచ్చిందండీ. ఐదు మంచాలు అని ఉంది," అన్నారు.

కిటికీ బయట ఎదురింటివాళ్ళు కారు కడుగుతున్నారు. ఇద్దరం ఆ కారునే చూశాం.

"వాళ్ళు పొరబడి ఉంటారు," అన్నారు అల్లుడు.

"అయ్యుండొచ్చు."

"పోనీలెండి. సామాను పెట్టుకోవడానికి పనికొస్తుంది."

కప్పులు తీసుకుని వెళ్ళిపోయారు. నా కప్పులో టీ అలాగే ఉంది. ఆయన గమనించలేదు.

నవంబర్ 12

పిడుగుకు బడిలో కుటుంబ వృక్షం వేసి తెమ్మన్నారట. కొమ్మ కొమ్మకీ ఒక పేరు. నా పక్కన కూర్చుని రంగు పెన్సిళ్ళన్నీ పరిచింది.

"తాతయ్య పేరు చెప్పు, అమ్మమ్మా."

"నీకు తెలుసుగా. రాసుకో."

"తెలుసు. నువ్వు చెప్పు. నువ్వు చెప్తుంటే ఒక్కసారి కూడా వినలేదు."

"పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు."

"తాతయ్య నీకన్నా నాలుగేళ్ళేగా పెద్ద. అమ్మ నాన్నని పేరు పెట్టే పిలుస్తుంది. నాన్న ఏమైనా అరిగిపోయాడా?"

"ముందు ఆ ఆకులకు పచ్చరంగు వెయ్యి. నీలం ఆకులు ఎక్కడైనా ఉంటాయా?"

పేరు చెప్పలేదు. అది వేసిన చెట్టు బాగానే ఉంది. నా పక్క కొమ్మ మీద, పేరుకు ముందు, ఒక చిన్న స్కీల జత గీసింది.

ఇక్కడ ఒకటి రాయాలి. మంచు జారిన ఆ రోజు చీకటి పడకముందు, కాపలా పెద్దాయన గండి అంచున నా చేతికి మైకు ఇచ్చారు. "తెలిసిన గొంతుతో పిలవండమ్మా. పైపైన ఎక్కడైనా ఉంటే వినిపించొచ్చు. బదులిస్తారు," అన్నారు. నేను పిలిచాను. "ఏమండీ" అని పిలిచాను. నలభై ఏళ్ళుగా వంటింట్లోంచి ముందుగదిలోకి ఎలా పిలిచానో అలాగే పిలిచాను. మైకులో అది కొండ మొత్తం వినిపించింది. ఏమండీ అంటే ఎవరైనా కావచ్చు. కింద నిలబడ్డ వాళ్ళలో ఇద్దరు మగవాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళలో ఆయన లేరు.

ఆయన వినే ఉంటారు. తనను కాదనుకుని ఉంటారు.

నవంబర్ 13

కాపలా పెద్దాయన అప్పుడే చెప్పారు. అంత మంచు కింద ఏ పిలుపూ వినిపించదని, అంతా ఒక్క క్షణంలో అయిపోయి ఉంటుందని. నిన్న రాసినది అర్థం లేనిది. కొట్టివేయను.

నవంబర్ 23

ఊళ్ళో మొదటి మంచు. పిడుగు వీధిలో నాలుక చాపి నిలబడింది. నేను కిటికీ తెర వేశాను.

నవంబర్ 27

ఆగకుండా పడుతోంది. సిగ్గులేని మంచు.

నవంబర్ 30

అమ్మాయి షాపు మూసి నేరుగా నా గదిలోకి వచ్చింది. కోటు విప్పలేదు. మందుల వాసన, చలి, రెండూ దానితోపాటే లోపలికి వచ్చాయి. నిలబడే మాట్లాడింది.

"అమ్మా, ఆ వారానికి అక్కడ మంచు ఉండదని నీకు తెలుసు."

"మెత్తబడుతుంది. పిల్లకి..."

"మెత్తబడటం కాదు. ఉండదు. స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఎవరైనా మంచు లేని వారం ఏరి ఏరి వెతుక్కుంటారా? నీకు మంచు వద్దమ్మా. మంచు పోవాలి."

"గొంతు తగ్గించు. పిల్ల వింటుంది."

"అది నీకన్నా నాకన్నా ముందే వింది. ఒకటో తారీఖు వస్తే నువ్వెవరికి ఫోన్ చేస్తావో దానికి తెలుసు."

నేను నా కళ్ళజోడు తుడుచుకున్నాను. తుడిచేదేమీ లేదు.

"ఆ గండి తేలితే వాళ్ళే ఫోన్ చేస్తారు," అంది అమ్మాయి. గొంతు తగ్గింది. "నాకూ ఉండదా అమ్మా? షాపులో ఎవరైనా ముసలాయన వెనక్కి తిరిగి నిలబడితే చాలు, చేతిలో ఉన్న మందు పేరు మర్చిపోతాను. నాన్న దొరికిన రోజున నేను వస్తాను. మనిద్దరం వెళ్దాం. కానీ నా కూతుర్ని సెలవులని చెప్పి తీసుకెళ్ళి ఆ గండి అంచున నిలబెట్టను."

"తేదీ చెప్పడం నా పని," అన్నాను.

"అవును. మా అందరికీ తేదీ చెప్పావు. నాన్నకి చెప్పినట్టే. ఆయన ఎప్పుడు విన్నాడని?"

తలుపు మెల్లగానే వేసి వెళ్ళింది. గట్టిగా వేసినా బాగుండేది.

డిసెంబర్ 1

ఒకటో తారీఖు. ఫోన్ చేశాను. గండిలో నిలువెత్తు పడిందట. ఇంకా పడుతుందట. "ఈ ఏడు కూడా కష్టమే కావచ్చమ్మా," అన్నారు. నేను మోకాలి గురించి అడిగాను.

స్కీలు మళ్ళీ జారాయి. మొన్నే అల్లుడు వాటి కింద రబ్బరు ముక్క పెట్టారు. ఎలా జారుతాయి?

డిసెంబర్ 7

పిడుగుకు బూట్లు చిన్నవయ్యాయి. బజారులో ఉన్న స్కీ సామాను షాపుకు నేనే తీసుకెళ్ళాను. షాపాయన దాని పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కొలిచి, పెద్ద సైజు జత తొడిగి, "వేళ్ళు ఆడించు. ముందుకు వంగు. మడమ లేస్తోందా?" అని అడిగారు. లేవడం లేదంది.

"ఎక్కడికి వెళ్తున్నావు తల్లీ?"

పిడుగు నా వైపు చూసి, చెప్పింది.

"ఎప్పుడు?"

"ఏప్రిల్లో."

షాపాయన బూటు కట్టు విప్పుతూ నవ్వారు. "ఏప్రిల్లో అయితే నా దగ్గరికి కాదు, చెప్పుల షాపుకి వెళ్ళాలి."

తిరిగి వస్తుంటే పిడుగు బూట్ల సంచీ నన్ను మోయనివ్వలేదు. కాలిబాట మీద మంచును ఒక పక్కకు ఊడ్చి కుప్పలుగా పోశారు. ప్రతి కుప్పనీ చుట్టి నడుస్తోంది. మామూలుగా ఎక్కి తొక్కి దూకుతుంది.

"ఎందుకే ఆ తిరుగుడు?"

"ఊరికే." నాలుగడుగులు వేసి, "అమ్మమ్మా, అక్కడ మంచు కింద తాతయ్య ఉన్నాడు కదా," అంది.

సంచీ కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"నేను తాతయ్య మీద నుంచి జారాలా?"

"ఆ గండి వేరు. పిల్లల వాలు వేరు. నిన్ను అటువైపు ఎవరూ పోనివ్వరు."

"నువ్వు వెళ్తావా?"

దాని టోపీ చెవుల మీదికి లాగాను.

"నాకు ఆ కొండంటే భయం లేదు," అంది. సంచీ ఈ భుజం మీద నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "కానీ నేను జారుతుంటే నువ్వు నన్ను చూడవు. పైకి చూస్తుంటావు. పోయినసారి తాతయ్య కనపడకుండా పోయాక నువ్వు నన్ను చూడలేదు. నేను నీ పక్కనే ఉన్నా. నా చేతి తొడుగు ఒకటి పోయింది. నీకు చెప్పా కూడా."

నాకు గుర్తు లేదు. పోయిన ఏడాది ఇంట్లో పగిలిన గ్లాసు నుంచి విరిగిన గొడుగు కాడ వరకూ దేని లెక్క అడిగినా చెప్పగలను. ఆ చేతి తొడుగు నా లెక్కలో లేదు.

"ఏ చెయ్యి?" అని అడిగాను.

"ఎడమది."

దాని ఎడమ చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచాను. మొదట విదిలించుకుంది. తరవాత ఊరుకుంది.

డిసెంబర్ 9

లాడ్జికి ఫోన్ చేసి ఏప్రిల్ రద్దు చేయమన్నాను.

"అందరిదీనా అండీ?" అన్నారు ఆవిడ.

"అందరిదీ."

"ఐదుగురిదీ."

"ఐదుగురిదీ," అన్నాను.

డిసెంబర్ 10

రాయడానికి ఏమీ లేదు.

డిసెంబర్ 15, ఆదివారం

మళ్ళీ బల్ల చుట్టూ కూర్చున్నాం. నేనే పిలిచాను. అల్లుడు ముందుజాగ్రత్తగా నాలుగు కప్పుల టీ పెట్టారు. పిడుగుకు కూడా ఒక అరకప్పు వచ్చింది.

"బడి సెలవులు ఫిబ్రవరి పదహారు నుంచి," అన్నాను. "అప్పుడు వెళ్దాం. మంచు బాగా ఉంటుంది. జనమూ ఉంటారు. ఉంటే ఉండనీ."

అమ్మాయి వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అమ్మా, ఆ తారీఖు ఆ వారంలోనే వస్తుంది."

"తెలుసు. ఎక్కడో ఒకచోట ఆ తారీఖు గడవాలి కదా. ఇంట్లో గడిస్తే అలమారకేసి చూస్తూ కూర్చుంటాను."

ఎక్కడికి అన్నది మిగిలింది. అది నాకు చేతకాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అది నా పని కాలేదు. బల్ల చివర ఖాళీ కుర్చీ వైపు ముగ్గురూ చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారు. నేను చూశాను. అటు నుంచి ఏమీ రాలేదు. కునుకు తీస్తున్నారేమో.

"అమ్మలూ, ఎక్కడికి అన్నది ఇక నుంచి నువ్వు చెప్పు," అన్నాను.

పిడుగు టీ కప్పు కింద పెట్టింది. ఇంతటి అధికారం ఎప్పుడూ చేతికి రాలేదు దానికి. ఫోన్‌లో బొమ్మలు చూసి, ఇనుప వంతెన దాటాక వచ్చే చిన్న ఊరు ఎంచుకుంది. కారణం అడిగాను. అక్కడి లిఫ్టు కుర్చీలు పసుపురంగువట.

"అదేం కారణం?" అంది అమ్మాయి.

"మీ నాన్న చెప్పే కారణాలకన్నా నయం," అన్నాను. అమ్మాయి నవ్వబోయి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చాలాసేపు తిప్పి ఉంచింది.

కొత్త లాడ్జికి నేనే ఫోన్ చేశాను. ఎంతమంది అని అడిగారు. "నలుగురం," అన్నాను. మాట అనే ముందు ఒకసారి, అన్నాక ఒకసారి సరిచూసుకున్నాను.

ఫిబ్రవరి 1

ఒకటో తారీఖు. కాపలా పెద్దాయనకు ఫోన్ చేశాను. మేము వేరే చోటికి వెళ్తున్నామని చెప్పాను. "మంచిదమ్మా. నేను ఇక్కడే ఉంటానుగా," అన్నారు.

ఫిబ్రవరి 16

వచ్చాం. గది చిన్నది. నాలుగు మంచాలు. కుర్చీలు పసుపురంగువే, పిడుగు చెప్పినట్టు.

ఫిబ్రవరి 17

నేను స్కీయింగ్ చేయను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చేయలేదు. కింద బెంచీ మీద ఫ్లాస్కుతో కూర్చుని లెక్కపెడతాను. లిఫ్టు ఎక్కినవాళ్ళు ఎందరు, దిగినవాళ్ళు ఎందరు. "కొండకి కూడా ఆడిట్ పెట్టావా?" అనేవారు ఆయన. మిగతావాళ్ళ సంగతి నాకెందుకు? పిల్లల తరగతిని మాత్రం లెక్కపెడతాను. తొమ్మిదిమంది. నేర్పే అమ్మాయి ముందు, తొమ్మిదిమంది బాతుపిల్లల్లా వెనక. స్కీల ముక్కులు దగ్గరికి, మడమలు దూరంగా. పిడుగు నాలుగుసార్లు పడింది. పడిన ప్రతిసారీ లేచి, ముందు నా వైపు చూసింది. నేను దాన్నే చూస్తున్నాను. చెయ్యి ఎత్తి చూపించాను.

ఫిబ్రవరి 18

ఒక్కసారే పడింది. రేపు ప్రత్యేకంగా ఏమీ చేయను. రోజులాగే బెంచీ, ఫ్లాస్కు.

ఫిబ్రవరి 19

వరసగా రాయాలి.

పొద్దున్న తేటగా ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల తరగతి ఆఖరిసారి పైకి ఎక్కింది. తొమ్మిదిమంది. కాసేపటికి లోయలోంచి పొగమంచు లేచింది. పాలు పొంగినట్టు లేచింది. ముందు పైన్ చెట్లు పోయాయి, తరవాత పసుపురంగు కుర్చీలు, ఆ తరవాత వాలు. లిఫ్టు ఆపేశారు.

నేర్పే అమ్మాయి పొగమంచులోంచి బయటికి వచ్చింది. వెనక నలుగురు. తిరిగి చూసుకుంది. ముఖం పాలిపోయింది. "ఐదుగురు," అంది, ఎవరితోనో తెలియదు, మళ్ళీ పైకి వెళ్ళింది. ఆ నలుగురిలో పిడుగు లేదు.

అల్లుడు ఆ అమ్మాయి వెనకే వెళ్ళారు. అక్కడి కాపలా మనిషి కంచె దగ్గరికి వచ్చి, "వాలు దిగువనే ఉండి ఉంటారు, కంగారు పడకండి. దారి కనిపించదు, అంతే. పిలుస్తూ ఉండండి, గొంతు విని వస్తారు," అన్నారు.

తల్లులూ తండ్రులూ కంచెకు ఆనుకుని పిలిచారు. కన్నా అంటారు ఒకరు. బంగారూ అంటారు ఇంకొకరు. మా అమ్మాయి అమ్మలూ అని అరుస్తోంది. అటు చివర మరొకావిడ కూడా అమ్మలూ అనే అరుస్తోంది. మా అమ్మాయి ఆవిడ వైపు ఒకసారి చూసి, ఇంకా గట్టిగా అరిచింది. తెల్లటి పొగలో అన్ని పిలుపులూ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. పైనుంచి ఏదో ఒక చిన్న గొంతు బదులిచ్చింది. ఏ వైపో తెలియలేదు. మళ్ళీ వినిపించింది, ఇంకా దూరంగా. అటు కాదు వెళ్ళాల్సింది.

నేను బెంచీ మీద నుంచి లేచాను. ఫ్లాస్కు దొర్లిపోయింది. అమ్మలూ అని పిలవాలనే నోరు తెరిచాను.

వచ్చింది అది కాదు. ఆయన పేరు వచ్చింది.

పూర్తి పేరు. మైకు లేకుండా, ఇంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలియనంత గట్టిగా. మా అమ్మాయి అరుస్తున్నది ఆపేసింది. రెండోసారి పిలిచాను. మూడోసారి. సిగ్గు వేయలేదు. భయమూ వేయలేదు. తప్పు పేరు పిలుస్తున్నానని తెలుసు. ఆపలేకపోయాను. అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆపడానికి అనుకున్నాను. కాదు. ఊరికే పట్టుకుంది.

ఎన్నిసార్లు పిలిచానో లెక్కపెట్టలేదు.

ఎడమవైపు, ఎవరూ చూడని వైపు నుంచి, ముందు ఒక ఎర్ర టోపీ వచ్చింది. పిడుగు. ఒక స్కీ కాలికి, ఒకటి చంకలో. దాని కర్ర చివర పట్టుకుని ఒక పిల్లాడు, వాడి కర్ర పట్టుకుని ఇంకొకరు, అలా వెనక నలుగురు. ఐదుగురు. నా ముందుకు వచ్చి ఆగి, రొప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"నువ్వా పిలిచింది?"

"నేనే."

"నువ్వని అస్సలు అనుకోలేదు. నువ్వెప్పుడూ పిలవవుగా."

అమ్మాయి దాన్ని మంచులోనే కూర్చోబెట్టి, చేతులు, చెవులు, ముక్కు తడిమి చూస్తోంది. పిడుగు అమ్మ భుజం మీద నుంచి నాకు చెబుతూనే ఉంది. "ఇటు నుంచి అమ్మలూ, అటు నుంచి అమ్మలూ. నేను ఏ అమ్మలునో నాకే తెలీలేదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు వెళ్ళాం. అప్పుడు తాతయ్య పేరు వినపడింది. ఆ పేరు మనకి తప్ప ఇంకెవరికీ ఉండదు కదా. అటే వచ్చేశా. వీళ్ళని కూడా రమ్మన్నా."

రెండు చేతి తొడుగులూ ఉన్నాయా అని చూశాను. ఉన్నాయి.

నేర్పే అమ్మాయితో కలిసి అల్లుడు తిరిగి వచ్చారు. పిల్లను ఎత్తుకున్నారు, స్కీలతో సహా. అందరూ లోపలికి వెళ్ళారు. "రా అమ్మా, చలి," అంది అమ్మాయి గుమ్మంలోంచి.

"మీరు వెళ్ళండి," అన్నాను.

బెంచీ తుడుచుకుని కూర్చున్నాను. మనిషిని పేరు పెట్టి పిలిచాక, పిలిచినవాళ్ళు కాసేపు ఎదురుచూడటం మర్యాద. ఆయన ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవారు. ముప్పావు గంట కూర్చున్నాను. పొగమంచు ఎలా లేచిందో అలాగే దిగిపోయింది. చెట్లు వచ్చాయి, పసుపురంగు కుర్చీలు వచ్చాయి. వాలు పైనుంచి కింది దాకా కనిపించింది. దాని మీద ఎవరూ లేరు.

ఎక్కినవాళ్ళు తొమ్మిదిమంది. దిగినవాళ్ళు తొమ్మిదిమంది.

ఫ్లాస్కు వెతుక్కుని, లోపలికి వెళ్ళాను.